వెనక్కి నడిచిన ఎద్దులు

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు పొలాల్లో తిరిగితే పాత రాతి బావులు కనిపిస్తాయి. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఈ పల్లెల్లో తెలుగువాళ్లం వాటిని మోటబావులంటాం. మరాఠీ ఇరుగుపొరుగుకూ అది మోటే. బావి ఒడ్డు నుంచి పొలంలోకి వాలుగా దిగే బాటను వాళ్లు ‘ధావ్’ అంటారు. నీళ్లు తోడే ఎద్దులు మోకు లాగుతూ దిగేది దాని మీదే. అసలు తెలివంతా ఆ వాలులోనే ఉంది.

మోట అంటే తోలుతో కుట్టిన పెద్ద సంచి. అడుగున గొట్టంలాంటి తొండం ఉంటుంది, మరాఠీలో అదే ‘సోండ్’. పెద్ద మోకు సంచి మూతికి, సన్నతాడు తొండం కొసకు కట్టి, రెండూ కాడికే ముడివేసేవారు. సంచి పైకి వస్తున్నంతసేపూ తొండం మడతపడి, దాని కొస సంచిలోని నీటిమట్టం కంటే ఎత్తులో ఉంటుంది కనుక చుక్క కూడా కారదు. ఒడ్డు దాటగానే సన్నతాడు తొండాన్ని ముందుకు లాగి కిందికి వంచుతుంది, నీళ్లు భళ్లున తొట్టిలో పడతాయి. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు.

ఇక లెక్క చూడండి. ఎద్దు గంటల తరబడి అలసిపోకుండా లాగగలిగేది తన ఒంటి బరువులో సుమారు పదో వంతు. 800 కిలోల జత అంటే 80 కిలోలు. మోటలో నీళ్లే 150 కిలోలుంటే చదును నేల మీద ఆ జత ఎంతసేపు నిలుస్తుంది? అదే ఎనిమిది అడుగులకు ఒక అడుగు దిగే వాలైతే, ఎద్దుల బరువే 100 కిలోల లాగుడుకు సమానం. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువూ కలిపేవాడు. ఇదేమీ ఉచితం కాదు. ఖాళీ మోటను దించుతూ, ఎద్దులు తమ బరువును మళ్లీ ఎగువకు మోసుకోవాలి. ఒక్కసారిగా పడాల్సిన శ్రమను వాలు రెండుగా పంచిందన్నమాట. దీన్ని కనిపెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తోలు పని ఇంకా గొప్పది. పచ్చి తోలు నీళ్లలో నానితే కుళ్లిపోతుంది. తంగేడు చెక్కలోని టానిన్లనే వగరు పదార్థాలు తోలులోని కొల్లాజెన్ పోగులకు అతుక్కుని, సూక్ష్మజీవులకు వాటిని కొరుకుడు పడనివ్వవు. రసాయనశాస్త్రం చదవకుండానే ఈ పని చేసింది అటు మరాఠీ ఢోర్, చాంభార్ కులాలవాళ్లు, ఇటు మన మాదిగలు. వాళ్లు కుట్టిన సంచిలో వచ్చిన నీళ్లు ఊరంతా వాడుకుంది. వాళ్లను మాత్రం చాలా ఊళ్లలో బావి దగ్గరికి రానివ్వలేదు. మోట గురించి చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు.

తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. పది మీటర్ల లోతు నుంచి ఒక మోట నీళ్లు తోడటానికి పట్టే శక్తిని ఒక హార్స్‌పవర్ మోటారు 20 సెకన్లలో ఇస్తుంది.

ఎద్దుల సంగతో? ఎకరం చేనుకు అయిదు సెంటీమీటర్ల తడి పెట్టాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి. అంటే దాదాపు 1,350 మోటలు. ఒక్కో మోటకు పది మీటర్లు ముందుకు, పది మీటర్లు వెనక్కి. చాలా బావుల దగ్గర ఎద్దులను మళ్లించేవారు కాదు, వెనక్కి నడవడమే నేర్పేవారు. ఆ ఒక్క తడికి ఆ జత నడిచేది 27 కిలోమీటర్లు. అందులో పదమూడున్నర వెనకడుగులే.