బండి ముక్కు ఎందుకు దిగింది?

చిట్టీ, బాబీ,

మీ ఉత్తరం చేరింది. పికప్‌కి ముందు ఇనుప బంపరూ, ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే వించూ బిగించాక ముక్కు కిందికి దిగిందనీ, నాన్న ముందు స్ప్రింగులు మార్పిస్తున్నారనీ రాశారు. "ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టివి వేసేస్తే పోలా తాతయ్యా?" అన్న బాబీ ప్రశ్న నాకు భలే నచ్చింది.

మెట్టు మీంచి దూకేటప్పుడు మోకాళ్ళు వంచుతారు కదా, అందుకే దెబ్బ నడుం దాకా రాదు. స్ప్రింగులు బండికి మోకాళ్ళు. ఇంజను బరువు ఎలాగూ వాటి మీదే ఉంది, పైన ఈ ఇనుమూ ఎక్కితే సగం వంగే నిలబడతాయి, ఇక గుంత వస్తే వంగడానికి చోటేదీ? చిన్నప్పుడు మా అన్నయ్య నన్ను భుజాలకెత్తుకుని పరిగెత్తినా కుదుపు తెలిసేది కాదు. మా మామయ్య ఎత్తుకుంటే పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఆయన బస్తాలు మోసే మనిషి, నా బరువుకి ఆయన మోకాళ్ళు వంగేవే కావు! బరువుకు మించిన స్ప్రింగు వేస్తే బండిలో కూర్చున్నవాళ్ళకీ అదే గతి. బలం ఎక్కువైతే మంచిదే అనుకోకూడదర్రా, మోసేదానికి తగ్గట్టుండాలి. వంగిన మోకాలు లేచి లేచి ఎగరకుండా కండరం పట్టుకున్నట్టు, స్ప్రింగుని షాక్ అబ్జార్బర్ పట్టుకుంటుంది. అందుకే కొత్త స్ప్రింగుకి తగ్గ షాకులున్నాయో లేదో చూడమని నాన్నకి చెప్పండి.

రెట్టింపు బరువు పెడితే స్ప్రింగు రెట్టింపు కుంగుతుందని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చువేసి చెప్పాడు. కాబట్టి ముందు బంపరూ వించూ కలిపి ఎంత బరువో తెలియాలి. ఇంకో వింత వినండి. స్ప్రింగు చుట్టిన కడ్డీ మందం 14 మిల్లీమీటర్ల నుంచి 15 అయిందనుకోండి, మిగతా కొలతలేవీ మారకపోయినా గట్టిదనం దాదాపు 32 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరుకి! లెక్క ఉందిలే, అది తర్వాత. నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

మెకానిక్ స్ప్రింగుని నొక్కి బిగించేటప్పుడు మాత్రం దగ్గరికి వెళ్ళొద్దు, పట్టు జారితే మనుషుల ప్రాణాలు తీసేంత శక్తి ఉంటుంది దాన్లో. మీ పని వేరే ఉంది. చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా టేపుతో ఇవాళే కొలిచి రాసుకోండి, మార్చాక మళ్ళీ కొలవండి. ముక్కు లేస్తే హెడ్‌లైట్లూ పైకి చూస్తాయి, ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. రాత్రి గోడ ముందు బండి ఆపి వెలుగు ఎక్కడ పడుతోందో ముందూ తర్వాతా గుర్తు పెట్టండి. లైట్లు దించడం, చక్రాలు తిన్నగా ఉండేలా వీల్ అలైన్‌మెంట్ చేయించడం నాన్న మర్చిపోతే గుర్తు చేయాల్సింది మీరే. రెండు కొలతలూ నాకు రాయండి.

మీ తాతయ్య