ఓపెన్ టెన్త్, ఫోన్ పాఠాలు: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్ పని చూస్తాను. రోజూ బడికి వెళ్లలేనివాళ్లు పదో తరగతి పూర్తి చేసే దారి ఇది. ఏనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే పిల్లలు, బైక్ మెకానిక్ షాపుల్లో పనిచేసేవాళ్లు, పదో తరగతి మధ్యలో పెళ్లయిపోయిన అమ్మాయిలు మా దగ్గర చేరుతుంటారు. వీళ్ల గురించి రోజూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఫోన్, డేటా ఉంటే చాలు, వాళ్లే చదువుకుంటారు.

వాస్తవం: 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్లలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పటి నుంచి వీడియోలకు కొదవ లేదు. కొరత వేరే చోట ఉంది. "ఫోన్ మా బాపు తీస్కపోయిండు సార్, రాత్రికే వస్తడు" అంటారు. అందుకే మేం పొద్దున లైవ్ క్లాసు పెట్టం. రాత్రి వినేలా చిన్న ఆడియోలు పంపిస్తాం. "వీడియో చూశావా" అని కూడా అడగం, చూశానంటారు మరి! నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపమంటాం. ఒకమ్మాయి బ్రాకెట్ల లెక్కలో మైనస్ మూడుని మైనస్ నాలుగుతో గుణించి మైనస్ పన్నెండు వేసింది. ఆ పాఠం వీడియో రెండుసార్లు చూసిందట. ఆ తప్పు ఫోటోలో దొరికింది. అదే రాత్రి ఫోన్‌లో ఐదు నిమిషాల్లో సరిచేశాం.

అపోహ: చదువు రాకనే మధ్యలో మానేస్తారు.

వాస్తవం: కొందరి విషయంలో నిజమే. నేను చూసినంతవరకు ఎక్కువమంది జారిపోయేది పాఠం దగ్గర కాదు. పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది. ఆధార్‌లో పుట్టినతేదీ ఒకటి, పాత స్కూలు టీసీలో ఇంకొకటి ఉంటుంది. పత్తి ఏరే రోజుల్లో ఆదివారం క్లాసులు సగం ఖాళీ. గ్రూపులో మెసేజ్ పెట్టి చెప్పేశాం అనుకుంటే కుదరదు, దాన్ని చదివేవాళ్లు ఎలాగూ మానేయరు. రెండు వారాలు చప్పుడు లేకపోతే రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చేయాలి. ముందు పని సంగతి అడగాలి, పాఠం సంగతి తర్వాత. మొదటి నెలలోనే ఇలా పట్టుకోకపోతే తర్వాత నంబరే మారిపోతుంది.

అపోహ: ఒక్క సబ్జెక్టు ఫెయిలైతే అన్నీ మళ్లీ రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది, పరీక్ష రాయడానికి తొమ్మిది అవకాశాలుంటాయి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే. రెగ్యులర్ టెన్త్ తప్పినవాళ్లు అందులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు ఇక్కడికి మార్పించుకోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎంతమందో!

అపోహ: ఓపెన్ సర్టిఫికెట్ చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది. దాంతో ఇంటర్‌లో చేరొచ్చు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయొచ్చు.

అపోహ: బ్రోకర్లకు డబ్బు కడితే వాళ్లే పాస్ చేయిస్తారు.

వాస్తవం: ఈ మాట నమ్మించేది ఆ బ్రోకర్లే. వాళ్లను నమ్మి పుస్తకం తెరవకుండా పరీక్షకు వచ్చిన పిల్లలే ఎక్కువగా ఫెయిలవుతారు. ఫీజు మీసేవలోనో ఆన్‌లైన్‌లోనో మీరే కట్టండి, రసీదు మీ దగ్గరే పెట్టుకోండి. ఎవరైనా "సర్టిఫికెట్ నాకు వదిలేయండి" అంటే మీ ఒరిజినల్ టీసీ వాళ్ల చేతికి ఇవ్వకండి.