రెండు రంగు పెన్సిళ్లతో నోవహు కథ

చిరంజీవులకు ఆశీస్సులు.

యూనివర్సిటీల్లో బైబిల్‌ను చరిత్ర పుస్తకంలా ఎలా చదువుతారని అడిగారు కదా. ఇది చెబితే ఒక పట్టాన అర్థమయ్యేది కాదు, చేసి చూడాలి. జలప్రళయంలో ఓడ కట్టి బతికిన నోవహు కథ తీసుకోండి. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండములో 6వ అధ్యాయం 5వ వచనం నుంచి 9వ అధ్యాయం 17వ వచనం దాకా జెరాక్స్ తీయించుకోండి. అసలు పుస్తకం మీద గీతలు పెడితే అమ్మమ్మ ఊరుకోదు. ఎర్ర పెన్సిల్ ఒకటి, నీలం పెన్సిల్ ఒకటి, తెల్ల కాగితం ఒకటి. పాత తెలుగు అనువాదమే వాడండి. హీబ్రూలో ఎక్కడ దేవుడి సొంత పేరు ఉందో అక్కడ ‘యెహోవా’ అని, మిగతా చోట్ల ‘దేవుడు’ అని అందులో విడివిడిగా ఉంటాయి. ఆ తేడాతోనే మన పని.

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ ముట్టుకోవద్దు. ఎన్ని జంతువులు, నీళ్లు ఎక్కడివి, ఎన్నాళ్లు, ఓడలోకి ఎప్పుడు ఎక్కారు అన్న నాలుగు ప్రశ్నలకు దొరికిన జవాబులన్నీ కాగితం మీద రాయండి. ఒక్కో ప్రశ్నకు రెండేసి జవాబులు వస్తాయి. 6:19లో ప్రతి జాతిలో రెండేసి. 7:2లో పవిత్ర జంతువులైతే పోతులు ఏడు, పెంటులు ఏడు. 7:12లో నలభై పగళ్లు, నలభై రాత్రులు వాన. 7:24లో నీళ్లు నూట యాభై రోజులు. 7:7లో నోవహు కుటుంబంతో ఓడలోకి వెళ్లిపోయాడు, 7:13లో మళ్లీ వెళ్తున్నాడు.

ఇప్పుడు రంగులు. ‘యెహోవా’ ఉన్న భాగాలకు ఎరుపు: 6:5–8, 7:1–5, 8:20–22. ‘దేవుడు’ ఉన్నవాటికి నీలం: 6:9–22, 8:1, 8:15–19, 9:1–17. మధ్యలో ఏ పేరూ లేని వచనాలు మిగులుతాయి. వాటిని అంకెలను బట్టి పట్టుకోవాలి. నలభై రోజుల మాట 7:4లో యెహోవా నోట వచ్చింది కాబట్టి 7:12 ఎరుపు. సంవత్సరం, నెల, తేదీ చెప్పే వచనాలన్నీ నీలం. 7:16కి వచ్చేసరికి ఒక్క వచనంలోనే రెండు రంగులూ పడతాయి: దేవుడు ఆజ్ఞాపించినట్టు లోపలికి వెళ్లాయి అన్నంతవరకు నీలం, యెహోవా తలుపు మూశాడు అన్న చివరి ముక్క ఎరుపు.

తర్వాత ఎర్ర వచనాలు ఒక్కటే వరసగా చదవండి, ఆపైన నీలివి ఒక్కటే. రెండూ దాదాపు పూర్తి కథలే. అంటే ఇద్దరు విడివిడిగా రాసిన కథలను తర్వాత ఎవరో ఒకటిగా కలిపారన్నమాట. ‘దాదాపు’ అని ఎందుకన్నానంటే ఎర్ర కథలో ఓడ కట్టమన్న మాటే లేదు. 7:1లో ఉన్నపళంగా ఓడలోకి వెళ్లమంటాడు. మూడు వందల మూరల పొడుగు, యాభై మూరల వెడల్పు, ముప్పై మూరల ఎత్తు అన్న కొలతలన్నీ నీలానివే. ఎర్ర కథలో దిగి బయటికి వచ్చే ఘట్టం కూడా లేదు. రెండింటినీ కలిపినవాడు ఒకచోట చెప్పేశాం కదా అని రెండోది వదిలేశాడని కొందరి వాదన. అంకెలు మాత్రం పొసగకపోయినా రెండూ ఉంచాడు. రెండూ అప్పటికే పెద్దల మాటలుగా చలామణిలో ఉండి ఉంటే కొట్టేసే చొరవ అతనికి ఉండదు.

జంతువుల లెక్క దగ్గర కాసేపు ఆగండి. ఎర్ర కథ చివర, 8:20లో, నోవహు బలిపీఠం కట్టి పవిత్ర జంతువులన్నిటిలోనూ కొన్నిటిని బలి ఇస్తాడు. జాతికి రెండే ఉంటే ఆ బలితో ఆ జాతి కాస్తా అంతరించేది. అందుకే ఏడు కావాల్సి వచ్చింది. నీలి కథలో బలే లేదు, ఉండటానికి వీల్లేదు కూడా. ఆ రచయిత లెక్కలో బలులు మొదలయ్యేది ఎంతో తర్వాత, మోషే కాలంలో, సీనాయి కొండ దగ్గర, మోషే అన్న అహరోను కొడుకులు యాజకులు, అంటే పూజారులు, అయ్యాక. ఏ జంతువు పవిత్రం, ఏది కాదు అన్న పట్టిక కూడా లేవీయకాండము 11 దాకా రాదు. అలాంటప్పుడు నోవహుకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? రెండేసి చాలు. పైకి పొరపాటులా కనిపించేది నిజానికి ఇద్దరు మనుషుల పద్ధతి. నాకైతే ఈ కథ మొత్తంలో ఇంతకన్నా గట్టి ఆధారం లేదు, పేర్ల తేడా కూడా దీని తర్వాతే.

నీలం మనిషికి తేదీల పిచ్చి. నోవహు ఆరువందల ఏట రెండో నెల 17న జలప్రళయం మొదలు (7:11). ఏడో నెల 17న ఓడ అరారాతు కొండల మీద ఆగింది (8:4). సరిగ్గా అయిదు నెలలు, నెలకు ముప్పై చొప్పున నూట యాభై రోజులు. మరుసటి ఏడు రెండో నెల 27కి నేల ఆరింది (8:14). చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులు, పైన 17 నుంచి 27 దాకా రెండు చివరలూ కలిపి పదకొండు, మొత్తం 365, అంటే ఒక సౌర సంవత్సరం. అయితే చాంద్రమాన నెలలు అయిదు కలిపితే 148 రోజులకు మించవు. ఈ చిక్కు పాతవాళ్లకూ తెలుసు. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన ఒక వ్యాఖ్యానం 364 రోజుల పంచాంగంతో ఈ తేదీలన్నీ సరిచూసి, తేడా వచ్చిన రెండు రోజులను సర్దుతుంది.

ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకడు జాన్ ఆస్త్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు. 1753లో తన పేరు వేసుకోకుండా పుస్తకం అచ్చు వేశాడు. ఆదికాండము రాసింది మోషే అన్న నమ్మకాన్ని కాదనడం అతని ఉద్దేశం కాదు, మోషే చేతిలో పాత పత్రాలు ఉండేవని చూపడమే. 1878లో జర్మనీలో యూలియస్ వెల్‌హౌజెన్ ఈ పాయలను ఇశ్రాయేలు మతచరిత్రతో ముడిపెట్టాడు.

మధ్యలో, 1872లో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జార్జ్ స్మిత్, ఇరాక్‌లోని పాత నగరం నీనెవె నుంచి అక్కడికి చేరిన మట్టి పలకల మీద ఇంకో ప్రళయ కథ చదివాడు. అందులో తుపాను ఆరు పగళ్లు, ఏడు రాత్రులు. ఓడ కొండకు ఆనాక పావురాన్ని, తర్వాత వానకోవెలను, చివర కాకిని వదులుతారు. బలి వాసనకు దేవతలు ఈగల్లా మూగుతారు. మీ ఎర్ర వచనాల్లో 8:21 చూడండి: యెహోవా ఇంపైన సువాసన ఆఘ్రాణించాడు. నీలి కథలో ఆ వాసన ఊసే లేదు. అక్కడ పోలిక ఆదికాండము మొదటి అధ్యాయంతో. సృష్టి రెండో రోజున పైనీళ్లను, కిందినీళ్లను ‘విశాలం’ అనే ఆకాశంతో వేరు చేశారు. 7:11లో అగాధజలాల ఊటలు తెగి, ఆకాశపు తూములు తెరుచుకుని అవి మళ్లీ కలిసిపోయాయి. చెరువు తూము చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

మీరు ఎక్కువగా తప్పేది 7:8–9 దగ్గర. పవిత్రం, అపవిత్రం అన్న మాట ఎరుపుది, రెండేసి అన్న అంకె నీలానిది, పేరు ‘దేవుడు’. రెండు కథలూ కలిపినవాడి చెయ్యి ఇక్కడ పడిందంటారు. బలవంతంగా ఒక రంగు వెయ్యకండి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. 8:7లో కాకి కూడా అంతే, పండితులే తలో రంగూ వేస్తారు. ఇక నీలి పాయ యాజకులదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఎరుపు విడి పుస్తకమా, నీలానికి తర్వాత చేర్చిన ముక్కలా అన్నది ఇప్పటికీ తగువే. ఇటలీకి చెందిన యూదు పండితుడు ఉంబెర్తో కస్సూతో అయితే ఈ విభజననే ఒప్పుకోలేదు.

ఇది వచ్చాక బైబిల్ రెండో పుస్తకం నిర్గమకాండములో 14వ అధ్యాయం, సముద్రం చీలే కథ, పట్టండి. అక్కడ పేర్లు మీకు సాయం రావు. నిర్గమకాండము 6:3లో యెహోవా అన్న పేరు మోషేకు తెలియజేశాక నీలం మనిషి కూడా అదే పేరు వాడతాడు. రాత్రంతా వీచిన తూర్పు గాలి ఒక వైపు, మోషే చెయ్యి చాచగానే గోడల్లా నిలబడ్డ నీళ్లు ఒక వైపు పెట్టుకుని మొదలుపెట్టండి. 21వ వచనాన్ని మూడు ముక్కలు చెయ్యాల్సి వస్తుంది.

మీ తాతయ్య