ముడుచుకుంటే వెచ్చగా ఎందుకుంటుంది?

ప్రియమైన పిల్లలకు,

చలి వేస్తే మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని పడుకుంటారు. ఉక్కపోస్తే కాళ్లూ చేతులూ బార్లా చాపేస్తారు. ఇది మీకెవరూ నేర్పలేదు. పిల్లీ, కుక్కా కూడా ఇదే చేస్తాయి. ఎందుకో చెబుతాను.

ఊరికే కూర్చున్న పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతేనే ఒంటి లోపల 37 డిగ్రీలు నిలుస్తుంది. చర్మం అంతకన్నా కాస్త చల్లగా, 33-34 డిగ్రీల దగ్గర ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి ఇంకా చల్లగా ఉంటే వేడి అటు పోతుంది. ముడుచుకున్నంత మాత్రాన ఒంట్లో పుట్టే వేడి పెరగదు, అది పోయే దారులు తగ్గుతాయి. అసలు సంగతి అదే.

ఆ దారుల్లో మొదటిది కంటికి కనబడదు. చర్మం పరారుణ కిరణాల రూపంలో గోడలకూ వస్తువులకూ వేడిని పంపుతూనే ఉంటుంది. అయితే చంకలోని చర్మానికి ఎదురుగా గోడ లేదు, మీ చర్మమే ఉంది. తొడల మధ్యా అంతే. రెండూ ఒకే వెచ్చదనంతో ఉంటాయి కాబట్టి ఒకటి పంపింది రెండోదానికి చేరుతుంది, రెండోది పంపింది మొదటిదానికి. బయటికి పోయేదేమీ ఉండదు. అందుకే నిటారుగా నిలబడినా చర్మంలో సుమారు నాలుగింట మూడొంతులే ఈ పనికి వస్తుంది. కూర్చుంటే కొంచెం తగ్గుతుంది, ముడుచుకుంటే బాగా తగ్గిపోతుంది.

రెండో దారి గాలి. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. చర్మానికి ఆనుకున్న గాలి వెచ్చబడి, తేలికై పైకి లేస్తుంది. మీరు కదలకుండా నిలబడితే పాదాల నుంచి తల దాకా సన్నని గాలి ప్రవాహం ఒంటిని ఒరుసుకుంటూ ఎక్కుతుంటుంది. కాళ్ల దగ్గర పలుచగా మొదలై పైకి వెళ్లేకొద్దీ మందమవుతుంది, తల దాటాక కూడా పైకి సాగుతుంది. మీరు నిశ్శబ్దంగా చదువుకుంటున్నప్పుడు కూడా అది ఆగదు! పడుకుంటే ఆ గాలి ఎక్కాల్సిన ఎత్తు తగ్గిపోతుంది. పైగా పరుపుకు ఆనిన వైపు చర్మానికి గాలే తగలదు. ముడుచుకుంటే మడతల్లో చిక్కిన గాలి కదలలేదు. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. స్వెటర్ వెచ్చగా ఉండేది కూడా ఉన్ని పోగుల మధ్య చిక్కిన గాలి వల్లే.

వేళ్లు సన్నవి, కండ తక్కువ, చర్మం ఎక్కువ. అందుకే తొందరగా చల్లబడతాయి. చలిలో పిడికిలి బిగించి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక ఎండ రోజుల సంగతి. గాలి 35 డిగ్రీలు దాటిందంటే లెక్క తిరగబడుతుంది, గాలే మీకు వేడినిస్తుంది. కాళ్లూ చేతులూ చాపితే చల్లబడిపోతామనుకోకండి. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. గ్రాము చెమట ఆరితే సుమారు 2,400 జౌల్‌ల (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడిని పట్టుకుపోతుంది. కానీ అది ఆరాలి. చంకల్లో, మడతల్లో నిలిచిన చెమట ఆరదు, జారి కారిపోతే దానివల్ల లాభం లేదు. చేతులు ఒంటికి దూరంగా పెట్టి, గాలి ఆడేలా కూర్చోవడం ఇందుకే మంచిది. గాలిలో తేమ మరీ ఎక్కువగా ఉంటే మాత్రం ఎలా కూర్చున్నా చెమట సరిగా ఆరదు. అలాంటప్పుడు ఆటలు ఆపి నీడకు వచ్చేయండి, నీళ్లు తాగండి.

చివరగా ఒక మాట. నెలలు నిండి పుట్టిన పాపాయి కాళ్లూ చేతులూ దగ్గరకు ముడుచుకునే ఉంటుంది. బరువుతో పోలిస్తే పాపాయికి చర్మం ఎక్కువ, కాబట్టి ఆ ముడుచుకోవడం తనకు చాలా అవసరం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇంకా కండరాల్లో ఆ బలం ఉండదు. కాళ్లూ చేతులూ చాచి పడుకుంటుంది, వేడి త్వరగా పోతుంది. అందుకే ఆసుపత్రుల్లో నర్సులు మెత్తని గుడ్డను చుట్టలా చుట్టి బిడ్డ చుట్టూ అమర్చి, ఒళ్లు ముడుచుకుని ఉండేలా చూస్తారు.

ప్రేమతో,
మీ తాతయ్య