కోరంగి ఏరు: పోటుపాట్ల మధ్య ఒక రేవు

గౌతమీ గోదావరి యానాం దగ్గర ఎడమ గట్టు నుంచి ఒక పాయను వదులుతుంది. అది మడ అడవుల్లో వంకలు తిరుగుతూ ఉత్తరంగా సాగి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. అదే కోరంగి ఏరు. పటంలో నది పాయే గానీ, వరదలు తగ్గి ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు మంచినీరు పెద్దగా రాని నెలల్లో ఈ ఏటిని నడిపేది సముద్రమే.

సముద్రపు నీరు పెరగడం పోటు, తగ్గడం పాటు. పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 6 గంటలకు పోటు నిండితే రేపు 6.50కి నిండుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటుకూ పాటుకూ మధ్య నీటి ఎత్తులో తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. అష్టమి ప్రాంతంలో అందులో దాదాపు సగమే. ఇంత చిన్న తేడా మీదే ఒకప్పుడు ఓడల రాకపోకలు ఆధారపడ్డాయి.

మొగలో, అంటే సముద్రంలో కలిసే చోట, ఇసుక తిన్నె ఉన్న ఏ ఏటిలోనైనా పడవను పోటు ఎక్కుతుండగానే లోపలికి తేవాలి. అడుగు తగిలినా పెరిగే నీరు కాసేపట్లో లేపుతుంది. పాటు తీస్తుండగా తగిలితే మళ్లీ పోటు వచ్చేదాకా పక్కకు ఒరిగి ఉండాల్సిందే. పెద్ద పోటు నిండిన క్షణంలో ఇరుక్కుంటే ఇంకా కష్టం: తర్వాతి పోట్లు రోజురోజుకూ తగ్గుతాయి కాబట్టి రెండు వారాలు ఆగాల్సి రావచ్చు.

18వ శతాబ్దంలో కోరంగి ఓడలు కట్టే, మరమ్మతు చేసే పేరున్న రేవు. ఇక్కడి నుంచి రంగూన్ వెళ్లినవాళ్ల వల్ల బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. 1789 డిసెంబరు తుపానులో మూడు పెద్ద అలలు ఊరిని ముంచెత్తాయి. 1839 నవంబరులో మరో ఉప్పెన. రేవు అంతరించడానికి కారణం ఉప్పెనలేనని చాలామంది చెబుతారు. అది సగం నిజం. ఊరిని మళ్లీ కట్టుకోవచ్చు, లోతు పోయిన ఏటిని మాత్రం ఎవరు తవ్వి నిలపగలరు?

ఒండ్రు సంగతి ఇది. గోదావరి వరద తెచ్చే సన్నటి బంకమట్టి రేణువులు మంచినీటిలో విడివిడిగా తేలుతుంటాయి. వెయ్యికి రెండు మూడు పాళ్ల ఉప్పు కలిస్తే చాలు, ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగుతాయి. పైగా లోతు తక్కువైన పాయల్లో పోటు వేగంగా, కొద్దిసేపట్లో వస్తుంది; పాటు నెమ్మదిగా, ఎక్కువసేపు తీస్తుంది. లోపలికి తోసిన మట్టినంతా బయటికి లాగే బలం దానికి ఉండదు. సముద్రం వైపున నైరుతి రుతుపవన కాలపు అలలు ఇసుకను తీరం వెంట ఉత్తరానికి జరుపుతాయి. హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ అలా పెరిగిందే. అది కాకినాడకు అలల నుంచి రక్షణ, అఖాతానికి పూడిక, రెండూ ఇచ్చింది. వ్యాపారం కాకినాడకు తరలింది. అక్కడా పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకును బార్జీల్లో చేరవేయాల్సి వచ్చేది.

ఇలా బలం చాలని పాటుకు బలమిచ్చి ఏటిని లోతుగా ఉంచేవి మడ అడవులు. పోటు నీరు చెట్ల మధ్య విశాలంగా పరుచుకుని, పాటులో ఒక్కసారిగా పాయలోకి దూకి అడుగును కోస్తుంది. ఆ నేలకు గట్లు వేసి రొయ్యల చెరువులు తవ్వితే అంత నీరు లోపలికి రాదు, పాయ పూడుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన సుమారు 235 చదరపు కిలోమీటర్ల కోరంగి మడను కాపాడటమంటే ఏటిని కాపాడటమే.

పోటు అందక ఉప్పు పేరుకున్న చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు: మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్నవి. పోటుపాట్లు ఉప్పును కడిగాక నల్లమడ, తెల్లమడ మొక్కలు నాటుతారు. నేల మట్టం చూడకుండా తవ్వితే నీరు ఒకచోట నిలిచి మొక్కలు చస్తాయి. తవ్వి వదిలేస్తే ఒండ్రు నింపేస్తుంది. మొక్కలు నిలదొక్కుకునే దాకా కాలువల్లో పూడిక తీస్తూనే ఉండాలి.