కణాన్ని చావమని ఎవరు చెబుతారు?

మల్లేశ్వరం, బెంగళూరు

చిన్నీ, బాబీ,

ఒంట్లో కణాలు తమంతట తామే చచ్చిపోతాయని పాఠంలో చదివి హడలిపోయారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భయపడాల్సిందేమీ లేదర్రా. మీ వేళ్లు విడివిడిగా ఉన్నాయంటే దాని చలవే. కడుపులో ఉన్నప్పుడు వేళ్ల మధ్య పొర ఉంటుంది, పుట్టేలోపు ఆ కణాలు పోతాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు. దెబ్బతిని చచ్చే కణం ఉబ్బి పగిలి చుట్టూ వాపు తెస్తుంది. ఇలా పోయే కణం ముడుచుకుని ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని పక్క కణాలే మింగేస్తాయి.

మరి చావమని ఎవరు చెబుతారు? రసాయనాలు చెబుతాయి, నిజమే. కానీ ఒత్తిడి, లాగుడు, కణానికి దొరికే పట్టు, ఇవీ చెబుతాయి.

1997లో అమెరికాలో చెన్, ఇంగ్బర్ బృందం చేసిన ప్రయోగమంటే నాకు ప్రాణం. పలక మీద కణాలు అతుక్కునే ప్రోటీన్‌ను మచ్చలుగా అద్ది, రక్తనాళాల లోపలి గోడ కణాలను వాటిమీద వదిలారు. చిన్న మచ్చ మీద ముడుచుకు కూర్చోవాల్సి వచ్చినవి చచ్చిపోయాయి. పెద్ద మచ్చ మీద పరుచుకున్నవి బతికాయి. అంటుకునే చోటు చాలక చచ్చాయేమో అని మీకు అనుమానం రావాలి, వాళ్లకూ వచ్చింది. అందుకే బుల్లి చుక్కలు ఎడంఎడంగా పెట్టి చూశారు. కణం ఒక్కో చుక్క మీద ఒక్కో కాలు వేసినట్టు సాగింది. అంటుకున్న చోటు పెరగలేదు, అయినా బతికింది! పోసిన పోషకాలూ అవే. తేడా అంతా ఒళ్లు చాచుకునే వీలులోనే ఉంది.

ఇక్కడ బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో కూడా కణాల మీద బలాల ప్రభావాన్ని పరిశోధించేవాళ్లున్నారు.

కిక్కిరిసినా చిక్కే. మన పేగు లోపలి పొర కొద్ది రోజులకే కొత్తదవుతుంది. ఇరుకైనచోట ఒక కణాన్ని చుట్టూ ఉన్నవి బిగుసుకుని బయటికి నెట్టేస్తాయి. అప్పటికది బతికే ఉంటుంది, పట్టు పోయాక చనిపోతుంది. ఆ ఇరుకును పసిగట్టడంలో పియెజో1 అనే ప్రోటీన్ పాత్ర ఉంది. పియెజోలను 2010లో వెలుగులోకి తెచ్చిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

పట్టు తప్పిన కణం చావాలన్న ఈ కట్టుబాటును క్యాన్సర్ కణాలు కొన్ని తప్పించుకుంటాయి. నెత్తుట్లో కొట్టుకుపోయేవాటిలో చాలావరకు చస్తాయి, కానీ మిగిలిన ఏ కొన్నో ఇంకో అవయవంలో కాపురం పెడతాయి. వాటికి ఆ చావును మళ్లీ ఎలా గుర్తుచేయాలన్నదే ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల పని.

మీ అమ్మమ్మ