నెత్తిమీది గుంటలు

లాటిన్‌లో 'లాకునా' అంటే గుంట, ఖాళీ. ఎముకలో కణం ఒదిగి ఉండే సూక్ష్మమైన అరకూ, పాత రాతప్రతిలో అక్షరాలు రాలిపోయిన చోటుకూ నేటికీ ఈ మాటే వాడుతున్నారు. దీని నుంచి పుట్టినదే 'లాకునార్': చదరపు గళ్లుగా లోపలికి తొలిచినట్టుండే అలంకృతమైన పైకప్పుకు రోమన్లు పెట్టిన పేరు. నగిషీని కాక, నగిషీ నడుమ ఉన్న లోతును చూసి పేరు పెట్టారన్నమాట. గ్రీకులకు అదే గడి పశువుల మేతతొట్టిలా తోచింది. వారి 'ఫాట్నోమా' అనే మాటకు మూలం ఆ తొట్టే.

చెక్క పైకప్పులో దూలాల మీద అడ్డంగా వాసాలు పరిచినప్పుడు మధ్యలో ఖాళీ చదరాలు మిగులుతాయి. పార్థెనాన్ ఆలయం కట్టిన కాలానికి, అంటే క్రీ.పూ. 5వ శతాబ్దానికి, ఏథెన్స్ శిల్పులు ఆ రూపాన్నే పాలరాతిలో చెక్కారు. ఇది కేవలం సొగసు కోసం చేసిన పని కాదు. రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గానీ సాగుడును ఓర్చుకోలేదు. అడ్డంగా పరిచిన పలక తన బరువుకే వంగబోతే అడుగువైపు పగులుతుంది కనుక, దానిని తొలిచి తేలిక చేయడం మేలు. రోమ్‌లో మాత్రం ఇది సంపదకు గుర్తయింది. తన ఇంట్లో ఏనుగు దంతం గానీ బంగారు లాకునార్ గానీ మెరవవని కవి హొరేస్ చెప్పుకున్నది అందుకే.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో, సుమారు క్రీ.శ. 125 నాటికి పూర్తయిన రోమ్‌లోని పాంథియన్ ఆలయపు గుమ్మటం వ్యాసం దాదాపు 43 మీటర్లు. దాని లోపల 5 వరుసల్లో, వరుసకు 28 చొప్పున 140 గళ్లు పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. వృత్తాన్ని 28 సమభాగాలు చేయడం స్కేలు, వృత్తలేఖినులతో మాత్రమే కచ్చితంగా సాధ్యం కాదని 19వ శతాబ్దపు గణితం నిరూపించింది. ఆ మేస్త్రీలు ఏదో ఒక ఉజ్జాయింపుతోనే పని జరిపి ఉండాలి. గళ్ల వల్ల బరువు కొంత తగ్గిన మాట నిజమే. అయినా అసలు తేలికదనం కాంక్రీటులో ఉందనే చెప్పాలి: కింద బరువైన రాళ్లు కలిపారు, పైన నీటిపై తేలేంత తేలికైన ప్యూమిస్ రాయి కలిపారు, మందం కూడా అడుగున సుమారు 6 మీటర్ల నుంచి శిఖరం దగ్గర 1.2 మీటర్లకు తగ్గుతుంది. ఆ శిఖరాన కాంక్రీటే లేదు, సుమారు 8 మీటర్ల వెడల్పున్న రంధ్రం ఉంది. అందులోంచి పడే వాననీరు నేలలోని చిన్న చిన్న బెజ్జాల గుండా బయటికి పోతుంది.